ఉన్ని స్వెటర్‌కు చిన్న చిల్లులు: ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

లేతనీలం | సోమవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

నిన్న పెట్టె సర్దుతుంటే అమ్మ అల్లిన స్వెటర్ బయటపడింది. లేత నీలం రంగు, చేతి అల్లిక, అసలైన ఊలు. ఏడాదికి పైగా మడత పెట్టిన చోటే ఉంది. విప్పి దులిపేసరికి ప్రాణం ఉసూరుమంది. మూడు చిల్లులు. ముందువైపు పొట్ట దగ్గర బఠాణీ గింజంతది ఒకటి. ఎడమ చేతి మణికట్టు పట్టీ మీద ఆవగింజంతది ఇంకొకటి. చంక కింద పక్క కుట్టుకు ఆనుకుని, ఈ రెంటికీ మధ్య సైజుది మూడోది.

అమ్మకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, అల్లలేదు. ఆమెకు తెలియకముందే బాగుచేసేయాలని ఉంది. నాకు బొత్తాలు కుట్టడం, అంచు మడిచి కుట్టడం వచ్చు. అల్లిక రాదు. ఒక టైలర్‌కు చూపిస్తే మిషన్ మీద నాలుగు కుట్లు వేసి ఇచ్చేస్తానన్నాడు. నాకు మనసొప్పలేదు, తిరిగి తెచ్చేసుకున్నాను. ఇంకొకరు వెనక గుడ్డముక్క పెట్టి గమ్‌తో అంటించమన్నారు. ఏం చేయాలో తోచడం లేదు, టెన్షన్‌గా ఉంది. దారి చెప్పగలరా?

రెండుసూదులు | సోమవారం, ఉదయం 10:25

తిరిగి తెచ్చుకుని మంచి పని చేశావు తల్లీ. అల్లిక గుడ్డ సాగుతుంది, మిషన్ కుట్టు సాగదు. చిల్లు మీద మిషన్ నడిపితే అక్కడ గట్టి కట్టలా తయారవుతుంది. నాలుగుసార్లు వేసుకునేసరికి ఆ కట్ట పక్కనే కొత్త చిల్లు పడుతుంది. గమ్ సంగతీ అంతే. ఎండాక బిగుసుకుపోతుంది, మళ్లీ ఊడదీసి సరిచేద్దామన్నా ఊలు దాంతోపాటే ఊడొస్తుంది.

నేను 40 ఏళ్లుగా అల్లుతున్నాను. నా దగ్గరికి వచ్చిన స్వెటర్లలో సగం పాడైంది చిల్లు వల్ల కాదు, చిల్లు చూసిన వెంటనే చేసిన పని వల్ల. కాబట్టి ఇప్పుడు చేయకూడనివి ముందు చెబుతాను. చిల్లులో వేలు పెట్టి సాగదీసి చూడకు. వేలాడుతున్న పోగుల కొసలు కత్తిరించకు. ఇప్పుడే తడపకు.

ఎందుకంటే, అల్లిక అంటే ఒకే దారం లూపులు లూపులుగా ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడటం. ఒకచోట దారం తెగితే పైనున్న లూపుకు, కిందనున్న లూపుకు ఆధారం పోతుంది. గట్టిగా లాగావంటే ఆ లూపు జారి, దాని కింది లూపును కూడా వదిలేసి, నిచ్చెనలాగా గీత పడిపోతుంది. బఠాణీ గింజంత చిల్లు జానెడవుతుంది.

అందుకే మొదటి పని లూపులు పట్టడం. సన్నటి సూదిలోకి వేరే రంగు మిషన్ దారం ఎక్కించు. స్వెటర్‌ను బల్ల మీద పరిచి, చిల్లు చుట్టూ తెరుచుకుని ఉన్న ప్రతి లూపులోంచీ ఆ దారాన్ని పోనివ్వు. ముడి బిగించకు, ఊరికే పూసలు గుచ్చినట్టు గుచ్చి రెండు కొసలూ పొడుగ్గా వదిలెయ్. ఎన్ని లూపులు వచ్చాయో లెక్కపెట్టి చెప్పు. మిగతాది తర్వాత.

పురుగులపరిశీలన | సోమవారం, మధ్యాహ్నం 1:05

రెండుసూదులు గారు చెప్పింది చేసేటప్పుడే ఇంకొకటి కూడా గమనించండి లేతనీలం గారూ. చిల్లు ఎలా పడిందో తేలకుండా పూడిస్తే, పూడ్చిన పక్కనే మళ్లీ పడుతుంది.

రాపిడి వల్ల పడేవి ఒకే రకం చోట్లలో ఉంటాయి: మోచేతులు, చంకలు, బెల్టు బకిల్ తగిలే పొట్ట భాగం, బ్యాగు పట్టీ ఆనే భుజం. అక్కడ చిల్లు చుట్టూ గుడ్డ పలచబడి ఉంటుంది. మేకుకో గొళ్లేనికో పట్టుకుంటే చిల్లుకు అటూ ఇటూ గుడ్డ ముడుచుకుపోయి, ఒక పోగు బయటికి లాగినట్టు కనిపిస్తుంది. పురుగు కొట్టినవి ఇలా ఉండవు. ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, చుట్టూ గుడ్డ దిట్టంగానే ఉంటుంది, కొన్నిచోట్ల చిల్లు పడకుండా పైపైన నూగు మాత్రమే గీకేసినట్టు కనిపిస్తుంది.

టార్చి పక్కనుంచి పడేలా పట్టుకుని కుట్ల సందుల్లో, కాలర్ కింద, బొత్తాల వెనక చూడండి. ఇసుక రేణువుల్లాంటివి ఉన్నాయా? సాలెపట్టు లాంటి సన్నటి తీగలు ఉన్నాయా?

లేతనీలం | సోమవారం, రాత్రి 8:50

రెండూ చేశాను. పెద్ద చిల్లుకు పైన 4 లూపులు, కింద 4 లూపులు పట్టుకున్నాను. ఎర్ర దారం వాడాను. చంక కిందదానికి పైన 3, కింద 2. మణికట్టు దగ్గరిది మాత్రం ఒక్క పోగే తెగినట్టుంది, లూపులేవీ తెరుచుకోలేదు. ముప్పావు గంట పట్టింది. ఊపిరి బిగబట్టి చేశాను.

పురుగులపరిశీలన గారూ, మీరు చెప్పిన రేణువులు ఉన్నాయి! అవి కూడా నీలం రంగులోనే ఉండటంతో ముందు ఊలు నలుసులు అనుకున్నాను. కాలర్ మడతలో బియ్యపు గింజలో సగముండే తెల్లటి గొట్టం లాంటిది ఒకటి కనిపించింది.

పురుగులపరిశీలన | సోమవారం, రాత్రి 9:30

అయితే అనుమానమే లేదు, చిమ్మెట. ఆ నీలం రేణువులు దాని రెట్టలు. ఏ రంగు ఊలు తింటే ఆ రంగులోనే వస్తాయి.

ఇల్లంతా ఎగిరే చిన్న బంగారు రంగు రెక్కల చిమ్మెట బట్ట తినదు. పొడవు 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది, అసలు ఏమీ తినదు, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఊలు తినేది దాని పిల్ల పురుగు. ఊలులో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌ను అరిగించుకోగల జీవులు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి. చెమట, నూనె, తిండి మరకలు ఉన్న చోటు దానికి మరీ ఇష్టం. అందుకే చంకలు, మణికట్లు, కాలర్‌లో ముందు పడుతుంది. వెచ్చగా ఉంటే గుడ్లు 4 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి. పురుగు దశ మాత్రం తిండిని బట్టి, చలిని బట్టి రెండు నెలల నుంచి రెండేళ్ల దాకా సాగగలదు. చీకటి, కదలిక లేని మడతలు, గాలి ఆడని మూలలు. మీ పెట్టెలో దానికి కావలసినవన్నీ ఉన్నాయి.

కుట్టడం మొదలుపెట్టే ముందు దాన్ని చంపాలి. స్వెటర్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత నొక్కేసి, మూతి గట్టిగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి. ఒక పూటంతా అలాగే వదిలి, గది వేడికి వచ్చాకే తెరవండి. లేకపోతే గాలిలో తేమ చల్లటి ఊలు మీద నీళ్లుగా పేరుకుంటుంది.

పెట్టెలో ఉన్న మిగతా ఉన్ని, పట్టు బట్టలు కూడా చూడండి. పెట్టె మూలల్లో వాక్యూమ్ క్లీనర్ పట్టి, ఆ దుమ్ము సంచిని ఇంటి బయట పారేయండి.

కొత్తసూది | మంగళవారం, ఉదయం 7:15

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. కలరా ఉండలు వేస్తే సరిపోదా? మా ఇంట్లో ఎప్పటినుంచో అవే వాడుతున్నారు.

పురుగులపరిశీలన | మంగళవారం, ఉదయం 8:00

నాఫ్తలీన్ ఉండలు పని చేయాలంటే మూత గట్టిగా బిగిసిన పెట్టెలో ఆవిరి చిక్కగా నిండాలి. బీరువా తలుపు రోజుకు నాలుగుసార్లు తీసే చోట ఆ ఆవిరి పురుగును చంపేంత నిలవదు, మనం పీల్చుకోవడానికి మాత్రం సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, చంటిపిల్లలున్న ఇంట్లో అవి వద్దే వద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. ఆ ఉండలతో ఉంచిన దుప్పట్లో పడుకోబెట్టినా వాళ్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. లోపం ఉన్నట్టు చాలామంది తల్లిదండ్రులకు ముందుగా తెలియదు కూడా.

జిగురు ఉచ్చులు దొరుకుతాయి, వాటికి ఆడ చిమ్మెట వాసన పూస్తారు. అవి మగవాటినే పట్టుకుంటాయి. పురుగు ఉందో లేదో తెలుసుకోవడానికి పనికొస్తాయి తప్ప వాటితోనే పీడ వదలదు. అసలు మందు శుభ్రంగా ఉతికి దాచడం, నెలకోసారి బయటికి తీసి వెలుగులో దులపడం.

గుప్పెడుఊలు | మంగళవారం, సాయంత్రం 6:20

ఆవగింజంత చిల్లుకు నాదొక మాట. దానికి కుట్టే అవసరం లేదు, ఫెల్టింగ్ సూది చాలు.

ఆ సూది కొస దగ్గర చిన్న చిన్న గాట్లు ఉంటాయి. వడకని ఊలు వెంట్రుకలు చిటికెడు తీసుకుని, దూదిలా విడదీసి చిల్లు మీద పెట్టాలి. గుడ్డ కింద మందపాటి స్పాంజి ముక్క. సూదిని నిటారుగా పైకీ కిందకీ పొడుస్తూ ఉంటే గాట్లు కొత్త వెంట్రుకలను పాత ఊలులోకి లాక్కెళ్లి చిక్కు వేస్తాయి. రెండు నిమిషాలు పొడిచాక గుడ్డను స్పాంజి మీంచి మెల్లగా లేపి, తిరగేసి అటువైపు నుంచి కూడా పొడవాలి. వాలుగా పొడిస్తే సూది విరుగుతుంది. వేలు అడ్డం పెట్టారంటే బాగా దిగుతుంది, జాగ్రత్త.

నా మూడు స్వెటర్లకు ఇలాగే చేశాను. చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

రెండుసూదులు | మంగళవారం, రాత్రి 7:45

గుప్పెడుఊలు గారూ, మందంగా, నూగుగా ఉండే స్వెటర్‌కు మీ పద్ధతి బాగుంటుంది. కాదనను. కానీ మణికట్టు పట్టీ మీద వద్దంటాను. అది రోజూ పదిసార్లు సాగే చోటు. చిక్కుపడిన ఊలు సాగదు, ముద్దలాగా అక్కడే నిలిచి కొన్నాళ్లకు ఊడొస్తుంది. పొట్ట దగ్గరి చిల్లుకైతే అసలు పనికిరాదు, అక్కడ లూపులకు ఆధారం కావాలి. వెంట్రుకలు లూపును పట్టుకోలేవు.

ఇంకో సంగతి. మిషన్‌లో ఉతకొచ్చు అని రాసున్న ఊలుకు ఫెల్టింగ్ సరిగా పట్టదు. ఊలు వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, అవి ఒకదానికొకటి తగులుకుంటేనే చిక్కుపడుతుంది. మిషన్ వాష్ ఊలుకు ఆ పొలుసులను మందుతో అరగదీస్తారు, లేదా పైన పూత పూస్తారు.

గుప్పెడుఊలు | మంగళవారం, రాత్రి 8:10

మణికట్టు మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. నేను చేసినవన్నీ వీపు మీద, ఛాతీ మీద ఉన్నవి.

ఊలు ఏ రకమో తెలియకపోతే ఒక పరీక్ష ఉంది. అదే ఊలు వేలెడు ముక్క తీసుకుని, గోరువెచ్చటి నీళ్లు, చుక్క సబ్బు వేసి రెండు అరచేతుల మధ్య గుండ్రంగా నలపండి. కొద్ది నిమిషాల్లో గట్టి ఉండ అయితే మామూలు ఊలు. ఎంత నలిపినా పోగులు పోగులుగా విడిపోతుంటే మిషన్ వాష్ ఊలు, లేదంటే అసలు ఊలే కాదు. అసలు ఊలో కాదో తేల్చుకోవాలంటే చిన్న పోగును పట్టకారతో పట్టుకుని వెలిగించండి. ఊలయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

కొత్తసూది | బుధవారం, ఉదయం 10:40

లేతనీలం గారి స్వెటర్ ఫ్రీజర్‌లో ఉంది కాబట్టి ఈలోగా నాదొకటి అడుగుతాను. నా ఉన్ని కోటు మీద నిప్పురవ్వ పడి చిన్న చిల్లు పడింది. ఇది అల్లిక కాదు, నేసిన గుడ్డ. దీనికీ ఇదే పద్ధతా?

పడుగుపేక | బుధవారం, మధ్యాహ్నం 3:30

కాదండీ. నేత గుడ్డ లెక్క వేరు. అక్కడ లూపులుండవు, జారడం ఉండదు. నిలువు పోగు పడుగు, అడ్డం పోగు పేక. తెగిన పోగుల స్థానంలో కొత్త పోగులు అదే నేత ప్రకారం దూర్చాలి. దీన్నే రఫ్ఫు చేయడం అంటాం.

పోగులు కోటులోంచే తీసుకోవాలి. కింద అంచు మడతలోనో, లోపలి కుట్టు పక్కన వదిలిన గుడ్డలోనో జానెడు పోగులు దొరుకుతాయి. బయట కొన్న దారం ఏదీ దానంత కలవదు. నిలువు పోగులు విడిగా, అడ్డం పోగులు విడిగా పెట్టుకోండి, రెండింటి మందం, పురి ఒకేలా ఉండవు.

ముందు కాలిన అంచును గోటితో మెల్లగా రాల్చేయండి, నల్లగా గట్టిపడిన ఊలులో సూది దిగదు. తర్వాత భూతద్దం కింద చిల్లు పక్కన మంచి గుడ్డ చూసి నేత రాసుకోండి. సాదా నేత అయితే ఒకటి పైన ఒకటి కింద. ఏటవాలు గీతలు కనిపిస్తే అది ట్విల్, తరచుగా రెండు పైన రెండు కింద, ప్రతి వరసలో ఒక పోగు పక్కకు జరుగుతుంది. నా దగ్గర ఎవరైనా నేర్చుకుంటానంటే మొదట చదరపు గళ్ల కాగితం మీద ఈ నేత గీయిస్తాను. కాగితం మీద తప్పితే చెరుపుకోవచ్చు.

చిల్లుకు సెంటీమీటరు అవతల, మంచి గుడ్డలోంచే మొదలుపెట్టి, పాత పోగు పక్కనే కొత్త పోగును దాని దారిలోనే నడిపించి, చిల్లు దాటించి, అవతల కూడా సెంటీమీటరు తీసుకెళ్లాలి. పడుగు అంతా అయ్యాకే పేక. కొసలన్నీ లోపలి వైపుకు. ముడి ఎక్కడా వద్దు. ఇక్కడ సూది మొన పదునుగా ఉండాలి. అల్లికకైతే మొద్దు సూది, అది పోగును చీల్చకుండా లూపు సందులోంచి దూరుతుంది.

ఒక్క చిన్న చిల్లుకు రెండు మూడు గంటలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే వెనక పలచటి గుడ్డముక్క పెట్టి కుట్టేయడం మేలు, తొందరపడి నేస్తే చిల్లుకంటే వికారంగా తయారవుతుంది.

కొండనడక | గురువారం, ఉదయం 6:00

ఉన్ని సాక్సుల విషయంలో ఒక మాట. మడమ చిల్లు పడ్డాక పూడ్చడం కంటే, పలచబడి అవతలి వెలుగు కనిపించగానే పని మొదలుపెట్టండి. అక్కడ ఊలుతోపాటు సన్నటి నైలాన్ పోగు కలిపి కుడితే ఎక్కువ కాలం ఆగుతుంది. మడమ కింద గరుకుగా గట్టు రాకూడదు, నడుస్తుంటే పొక్కులు లేస్తాయి. అందుకే అంచులు ఒకే సరళరేఖలో ఆపకుండా ఒక వరస పొడుగ్గా, ఒక వరస పొట్టిగా ఆపుతాను.

లేతనీలం | రెండు వారాల తర్వాత, శనివారం, ఉదయం 11:00

స్వెటర్ ఫ్రీజర్‌లోంచి తీశాను. ఒక పూట సంచిలోనే ఉంచి, నిన్న బయట వెలుగులో బాగా దులిపి బ్రష్ చేశాను. కొత్త రేణువులేమీ రాలలేదు.

ఇప్పుడు ఊలు సమస్య. ఎన్ని లేత నీలాలు చూసినా ఏదీ కలవడం లేదు. ఒకటి లైటు కింద అచ్చం కలిసినట్టే కనిపించింది, పగటి వెలుగులో చూస్తే పచ్చగా కొడుతోంది.

రెండుసూదులు | శనివారం, ఉదయం 11:35

రంగు ఎప్పుడూ పగటి వెలుగులో, కిటికీ దగ్గరే చూడాలి. సరిగ్గా కలిసేది దొరకకపోతే ఒక వన్నె ముదురు తీసుకో, లేతది ఎత్తి చూపుతుంది. మందం మాత్రం అసలుదానికి మించకూడదు. మందమైతే పురి విప్పి ఒక పోగు తగ్గించు.

దానికంటే ముందు పక్క కుట్టు లోపలి వైపు తిప్పి చూడు. చేత్తో అల్లేవాళ్లు ముక్కలు కలిపాక మిగిలిన కొసను కత్తిరించరు, కుట్టు వెంబడే లోపలికి దూర్చి దాచేస్తారు. మీ అమ్మ కూడా వదిలే ఉంటుంది.

లేతనీలం | శనివారం, మధ్యాహ్నం 2:20

ఉంది! ఎడమ పక్క కుట్టు లోపల, నడుము దగ్గర నుంచి పైకి పాము పాకినట్టు దూర్చి ఉంది. మొద్దు సూదితో ఒక్కొక్క మెలికా విప్పుకుంటూ వచ్చాను. చివరికి మూరెడుకు పైనే వచ్చింది. కుడి పక్క ఇంకో జానెడు. దారం మెలికలు మెలికలుగా, నిన్ననే అల్లినట్టు నిగనిగలాడుతోంది. బయటి గుడ్డ పక్కన పెట్టి చూస్తే కొంచెం ముదురు నీలం. ఇన్నేళ్లలో బయట ఎంత వెలిసిందో ఇప్పుడు తెలిసింది. అమ్మ కొన్న రోజు రంగు ఇదన్నమాట.

కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. దీన్ని వాడేయడానికి మనసు రావడం లేదు, వాడకుండా ఉండబుద్ధీ కావడం లేదు.

రెండుసూదులు | శనివారం, మధ్యాహ్నం 2:50

వాడు. అల్లేవాళ్లు కొస అంత పొడుగు వదిలేది ఇలాంటి రోజు కోసమే. నేను నా మనవరాలి స్వెటర్లలో కావాలనే మూరెడు వదులుతాను.

మెలికలు పోవడానికి ఆ ఊలును ఒక్క నిమిషం ఆవిరి మీద పట్టి, ఆరనివ్వు. తర్వాత పద్ధతి చెబుతాను, చదివి అర్థమయ్యాకే మొదలుపెట్టు.

స్వెటర్ లోపల నున్నటి బంతో, చెక్క గరిటె వీపో పెట్టుకో. గుడ్డ దాని మీద వాలాలి కానీ బిగుసుకోకూడదు. మొద్దు సూదిలో ఊలు ఎక్కించి, చిల్లుకు సెంటీమీటరు కిందనుంచి, నిలువు వరసల వెంబడి పైకి రా. మంచి గుడ్డలో ఒక లూపు కాలు కింద, ఒక లూపు కాలు పైన. చిల్లు అంచుకు రాగానే ఎర్ర దారం మీదున్న కింది లూపులోంచి సూది పోనిచ్చి, చిల్లు దాటి, ఎదురుగా ఉన్న పై లూపును పట్టుకుని, పైన సెంటీమీటరు వెళ్లి వెనక్కి తిరుగు. తిరిగిన ప్రతిచోటా ఆవగింజంత లూపు వదులుగా ఉంచు. కొత్త ఊలు మొదటి ఉతుకులో కొంచెం కుంచించుకుంటుంది. వదులు లేకపోతే చుట్టూ ఉన్న గుడ్డను లాగేస్తుంది.

నిలువు పోగులన్నీ అయ్యాక అడ్డం. ఒకటి పైన, ఒకటి కింద, చాప అల్లినట్టు. తర్వాతి వరసలో తిరగేసి. ప్రతి వరస అయ్యాక సూది మొనతో కిందికి నెట్టు. లూపులన్నీ పట్టుబడ్డాయని రెండుసార్లు చూసుకున్నాకే ఎర్ర దారం లాగెయ్. కొసలు వేలెడు వదిలి, లోపలివైపు మెల్లగా దూర్చు. ముడి వేయకు.

మణికట్టు దగ్గర ఒక్క పోగే తెగింది కాబట్టి అక్కడ నేయడం వద్దు. వీ ఆకారపు కుట్టు వెంబడి, కొత్త ఊలును అదే దారిలో అచ్చంగా నడిపించు. తెగిన చోటుకు అటు మూడు కుట్లు, ఇటు మూడు కుట్లు. అది గుడ్డతోపాటు సాగుతుంది.

లేతనీలం | ఆదివారం, సాయంత్రం 5:40

ముందు చంక కిందది చేశాను, తప్పితే ఎవరికీ కనిపించదని. తప్పింది. పూర్తయ్యాక బంతి తీయగానే చిల్లు చోట గుడ్డంతా మూతి ముడిచినట్టు దగ్గరికి లాక్కుంది. పోగులు బిగించేశాను. వదులుగా ఉంటే ఊడిపోతుందేమోనని ప్రతిసారీ చేయి తెలియకుండానే లాగింది.

పడుగుపేక | ఆదివారం, సాయంత్రం 6:05

మొదటిసారి అందరికీ అదే జరుగుతుంది. లూపులు మళ్లీ ఎర్ర దారంలోకి ఎక్కించుకుని, అప్పుడు విప్పండి. సూది తీసిన ప్రతిసారీ దారం లాగడం కొస దగ్గర ఆపి, చిల్లు మీది పోగును చూపుడు వేలితో తట్టి చూడండి. వీణ తీగలా మోగినట్టు బిగువుంటే ఎక్కువైంది. వేలి కింద కొంచెం వంగి మళ్లీ లేస్తే సరిగ్గా ఉంది.

లేతనీలం | మంగళవారం, రాత్రి 9:15

విప్పి మళ్లీ చేశాను. వేలితో తట్టి చూడటం బాగా పనికొచ్చింది. ఈసారి చదునుగా కూర్చుంది.

ఈ రోజు పొట్ట దగ్గరిది కూడా పూర్తయింది. నాలుగు లూపులకు అటూ ఇటూ రెండేసి వరసలు కలుపుకుని 8 నిలువు పోగులు, 11 అడ్డం పోగులు వచ్చాయి. దగ్గర నుంచి చూస్తే చిన్న చాప ముక్కలా, చుట్టూ ఉన్నదానికంటే ఒక వన్నె ముదురుగా కనిపిస్తుంది. మూడడుగుల దూరం నుంచి చూస్తే వెతుక్కోవాలి. గుప్పెడుఊలు గారిలా ఎవరికీ తెలియకుండా చేయలేకపోయాను, కానీ ఆ ముదురు నీలం నాకు నచ్చింది.

ఇప్పుడు ఉతకొచ్చా?

గుప్పెడుఊలు | మంగళవారం, రాత్రి 9:40

చాలా చక్కగా చేశారు. అది కనిపిస్తే కనిపించనివ్వండి.

30 డిగ్రీలకు మించని నీళ్లు, ఊలుకని అమ్మే సబ్బు ద్రవం. ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్ వద్దు. మరకల్లోని ప్రోటీన్‌ను కరిగించే ఎంజైమ్ ఊలును కూడా కరిగిస్తుంది, అదీ ప్రోటీనే కదా. పది నిమిషాలు నానబెట్టి, చేత్తో నొక్కి వదలండి, రుద్దకండి. జాడించే నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే నీళ్ల బరువుకు సాగిపోతుంది. కొంచెం తేమ ఉండగా పూడ్చిన చోట తడిగుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టెను పైన ఆనీ ఆననట్టు పట్టుకుని ఆవిరి మాత్రం తగలనివ్వండి.

లేతనీలం | శుక్రవారం, ఉదయం 8:30

ఉతికి ఆరేశాను. వదిలిన చిన్న లూపులు నిజంగానే కుంచించుకుని లోపలికి కలిసిపోయాయి. చిల్లు చోట ఇప్పుడు మిగతా గుడ్డంత మెత్తగానే ఉంది.

నిన్న సాయంత్రం అమ్మకు ఇచ్చాను. చెప్పకూడదనుకున్నాను కానీ చూపు ఆనకపోయినా ఆమె వేళ్లకు తెలిసిపోయింది. పొట్ట దగ్గర తడిమి ఇక్కడేమైంది అని అడిగింది. చెప్పాను. లోపలి కుట్టు కొసతో పూడ్చానంటే, ఎడమ పక్కదా కుడి పక్కదా అని అడిగింది. ఎడమదంటే, అది పొడుగ్గా వదిలాను, ఇంకా మిగిలి ఉండాలే అంది.

ఇంకా మూడు వేళ్ల పొడుగు ఉంది. కుడి పక్క జానెడు అలాగే ఉంది.

కుడి మోచేయి దగ్గర వెలుగుకు పట్టి చూస్తే పలచగా కనిపిస్తోంది. చిల్లు లేదు. ఇప్పుడే ఏమైనా చేయాలా?

రెండుసూదులు | శుక్రవారం, ఉదయం 9:00

ఇప్పుడే చేయాలి. మణికట్టు మీద వేసిన వీ కుట్టే, పలచబడిన చోటంతా ఒక్కో వరసా వెయ్. కుడి నుంచి ఎడమకు ఒక వరస, స్వెటర్ తలకిందులు చేసి మళ్లీ కుడి నుంచి ఎడమకు. పలచదనం ఆగిన చోట ఆగకు, చుట్టూ రెండు కుట్లు గట్టి గుడ్డలోకి వెళ్లు. జానెడు ఊలు దానికి చాలదు. మోచేతికి కొన్న ఊలే వాడు, మీ అమ్మ కొస దాచిపెట్టు. కొన్నదాంట్లో మిగిలింది చిన్న చుట్ట చేసి, పక్క కుట్టులోకి దూర్చి ఉంచు.

లేతనీలం | శుక్రవారం, రాత్రి 10:05

ఒక వన్నె ముదురు నీలం తెచ్చాను. అమ్మ పక్కన కూర్చుని వేళ్లతో తడిమి, ఏ కుట్టు వదులుందో చెబుతోంది. రెండు వరసలు అయ్యాయి, ఇంకా ఐదు ఉన్నాయి. లైటు కింద వద్దు, మిగతాది పొద్దున్న కిటికీ దగ్గర వేద్దామంది.